పెదవి వాపును కుక్క ఖాతాలో రాశాను

ఆ రోజు ఫారంలో నేను రాసింది తప్పు. తెలియక కాదు, తెలిసే రాశాను. అందుకే ముందుగా ఒప్పుకుంటున్నాను.

ఉద్యోగ విరమణకు రెండేళ్ళ ముందు నన్ను ఎల్బీనగర్ వైపు వీధికుక్కల విభాగానికి పశువైద్యుడిగా వేశారు. అప్పటిదాకా గేదెలకూ గొర్రెలకూ సూదులు వేసినవాణ్ణి. ఇక్కడి పని కుక్కలను వల వేసి పట్టించడం, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయడం, గుర్తుగా చెవి కొస కత్తిరించడం, పట్టిన చోటే మళ్ళీ వదలడం.

మనిషిని కరిచిన కుక్కకు వేరే ఫారం ఉండేది. అందులో 'కరిచిన సందర్భం' అని ఒక గడి. పశువైద్యుడు స్వయంగా విచారించి నింపాలి. ఎవరో రెచ్చగొడితే కరిచిందని రాస్తే, పది రోజులు విడిగా బోనులో ఉంచి, జబ్బు లేదని తేలాక వదిలేస్తాం. ఊరికే కరిచిందని రాస్తే ఇక వదిలేది లేదు. దాని మిగతా ఆయుష్షంతా బోనులోనే.

ఒక ఎండాకాలం ఉదయం దిల్‌సుఖ్‌నగర్ వెనక వీధిలోని ఒక అపార్ట్‌మెంట్ నుంచి ఫిర్యాదు వచ్చింది. వెళ్ళేసరికి అసోసియేషన్ ప్రెసిడెంట్ వెంకటరావుగారు సెల్లార్‌లో ఒక కుర్చీలో కూర్చుని, కాలు ఇంకో కుర్చీ మీద పెట్టుకుని ఉన్నారు. పిక్క మీద పంటిగాట్లు. పై పెదవి వాచి ఉంది. పక్కన నిలబడిన మూడో అంతస్తు జంగారెడ్డిగారి చొక్కా కాలరు సగం ఊడి వేలాడుతోంది.

"మేం ఏమీ అనలేదండీ. ఊరికే మీద పడింది. అలాగే రాసేయండి డాక్టరుగారూ, మిగతాది నేను పైన మాట్లాడుకుంటాను," అన్నారు వెంకటరావుగారు.

"గంతే సార్. గా ఇస్త్రీ ఆమె బువ్వ పెట్టి పెట్టి దాన్ని నెత్తికెక్కించింది. ఆమె బండి గూడ తీపిస్తం," అన్నారు జంగారెడ్డిగారు.

ఇస్త్రీ ఆమె పేరు మల్లమ్మ. నల్గొండ వైపు నుంచి వచ్చి గేటు పక్కన బండి పెట్టుకుంది. బండి కింద పడుకునే ఆ నల్ల కుక్కను నల్లోడు అంటుంది. మా వాళ్ళు దాన్ని వలలో ఎత్తుతుంటే ఆమె నా దగ్గరికి వచ్చి అడిగింది: "సారూ, మీరు పశువుల డాక్టరే గదా. కుక్క మనిషి మూతి మీద గుద్దుతదా?"

నేను ఫారం తీసి, వెంకటరావుగారి ఎదురుగా కుర్చీ లాక్కున్నాను. టీ, బిస్కెట్లు వచ్చాయి. టీ తాగుతూ గడిలో 'ఊరికే' అని రాశాను. గాయాల వరుసలో పిక్క గాట్లు, పెదవి వాపు, చొక్కా చిరుగు అన్నీ నల్లోడి ఖాతాలోనే వేశాను. తిండి పెట్టే మనిషిగా మల్లమ్మ పేరు రాశాను. కుక్కల కోపాన్ని ఎలా గుర్తుపట్టాలో బళ్ళకు వెళ్ళి పిల్లలకు పాఠాలు చెప్పేవాణ్ణి కూడా నేనే.

నాలుగో రోజు నల్లోడి బోను ముందు నిలబడ్డాను. ఎదుటి దొడ్డిలో రెండు కుక్కలు నీళ్ళ తొట్టి దగ్గర తగాదా పడ్డాయి. మెడ మీద వెంట్రుకలు లేచాయి, పళ్ళు కనబడ్డాయి, ఒక్క దూకు దూకాయి. చిన్నది వెల్లకిలా పడి పొట్ట చూపించింది. పెద్దది వాసన చూసి, వెళ్ళి నీళ్ళు తాగింది. తర్వాత చిన్నదీ తాగింది. నిమిషం పట్టలేదు. ఎవరూ అసోసియేషన్ పెట్టలేదు.

కుక్కలు సాధువులని నేను చెప్పను. తోటి కుక్క గొంతు కొరికి చంపినవాటిని చూశాను. కాని కొరికిన కుక్క మూతి నిండా రక్తంతో తిరుగుతుంది. మూతి తుడుచుకుని, కొరికించుకున్నదానితో రాజీపడి, పక్కన నిద్రపోతున్న మూడో కుక్క మీద ఫిర్యాదు చేయదు. చేసినా దాన్ని నమ్మినట్టు సంతకం పెట్టే గెజిటెడ్ అధికారి వాటిలో ఉండడు. ఆ సౌకర్యం మనకే ఉంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆ సౌకర్యం నేను.

ఆ సాయంత్రమే అపార్ట్‌మెంట్‌కు వెళ్ళాను. గేటు పక్కన బండి లేదు. నా ఫారం నకలు చూపించి మర్నాడే తీయించారని వాచ్‌మన్ చెప్పాడు. మల్లమ్మ చంపాపేట్ మెయిన్ రోడ్డు పక్కన ఎండలో బండి పెట్టుకుని ఉంది. ఇస్త్రీకి వచ్చిన బట్టలు ఒక్క జత కూడా లేవు.

"గప్పుడడిగితె చెప్తుంటి గదా సారూ," అంది. "గాళ్ళిద్దరు కారు పెట్టే జాగ కోసం గుద్దుకున్నరు. ప్రెసిడెంటు సారు ఎనుకకు తూలి, పండుకున్న నల్లోడి మీద కాలేసిండు. తొక్కితె కరువదా?"

వెనక్కి వెళ్ళి వాచ్‌మన్‌ను అడిగాను. అంతే జరిగిందన్నాడు.

మొదటి నివేదిక విచారణ లేకుండా, తప్పని తెలిసి రాశానని, దాన్ని రద్దు చేస్తున్నానని రెండోది రాసి పైకి పంపాను. ఊహించినట్టే ఛార్జ్ మెమో వచ్చింది. ఒక్క వాక్యంలో జవాబిచ్చాను: ఆరోపణ నిజమే. పదకొండో రోజు నల్లోణ్ణి పట్టిన చోటే వదిలాను.

ఆదివారం అసోసియేషన్ మీటింగ్‌కు మల్లమ్మను వెంటబెట్టుకుని వెళ్ళి, రెండో నివేదికను అందరి ముందు చదివాను. పెదవి వాపు దగ్గరికి వచ్చేసరికి వెనక వరుసల్లో నవ్వులు వినబడ్డాయి. వెంకటరావుగారూ జంగారెడ్డిగారూ ఒక్కసారే లేచి, నా మీద కేసు వేస్తామన్నారు. వాళ్ళిద్దరినీ అంత ఐకమత్యంగా ఉంచింది నేనే కాబట్టి నొచ్చుకోలేదు. మల్లమ్మకు క్షమించమని చెప్పాను.

"మాఫీ తర్వాత సారూ. ముందుగాల బండి పెట్టనిస్తరో లేదో అడుగుండ్రి," అంది.

అడిగాను. చేతులెత్తమన్నారు. ఇద్దరివి తప్ప అన్ని చేతులూ లేచాయి.

గాయాన్ని చదవడం నాకు వచ్చు. ఎవరి ముందు కూర్చుని చదువుతున్నానన్నది ఆ చదువును మార్చేయగలదని ఆ ఉదంతంతో తెలిసింది. మిగిలిన సర్వీసులో ఆ గడిని కరిచిన చోట నిలబడే నింపాను. అక్కడున్నవాళ్ళందరికీ చదివి వినిపించాకే సంతకం చేశాను.