నా వంతెన మీద ఐదు రోజుల పంచాయితీ

రెండేళ్ళు కూర్చుని గీసిన వంతెనను ఐదు రోజుల్లో విప్పి చూడడానికి బయటి నుంచి ఏడుగురు వస్తున్నారని తెలిసిన రోజు, నేను చేసిన మొదటి పని మావారి మీద అరవడం. ఆయనకు వంతెనలతో ఏ సంబంధమూ లేదు. బెంటన్‌విల్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కానీ అరవడానికి ఇంట్లో ఇంకెవరూ లేరు.

"వాల్యూ ఇంజనీరింగ్ అంటే ఏంటో తెలుసా మీకు? నేను కుట్టిన జాకెట్టు వాళ్ళు విప్పదీసి, దీనికి చేతులు అవసరమా అని అడగడం!"

"అవసరమేనా మరి?" అన్నారాయన, దోసె తిరగేస్తూ.

ఆ పూటంతా ఆయనతో మాట్లాడలేదు. మా ఇంట్లో అది రికార్డు.

సంగతేమిటంటే, మా ఊరికి పడమట కొండల్లో కొత్త హైవే వస్తోంది. ఒకచోట అది పాత కౌంటీ రోడ్డును, అంటే మన జిల్లా రోడ్డులాంటిదాన్ని, అడ్డంగా కోసుకుంటూ పోతుంది. ఆ రోడ్డు మీద పది పన్నెండు ఇళ్ళు, రెండు కోళ్ళ ఫారాలు, రోజూ వచ్చిపోయే స్కూల్ బస్సు. వాళ్ళకోసం నేనొక వంతెన గీశాను. కౌంటీ రోడ్డు మెల్లగా పైకెక్కి, హైవే మీదుగా వెళ్ళి, అవతల దిగుతుంది. మధ్యలో ఒకే వరుస స్తంభాలు. రెండు వైపులా మట్టి జారకుండా రాతి కట్టుబడిలా కనిపించే గోడలు. నేను గీశానని కాదు గాని, అందమైన వంతెన. అంతకుముందు ఇరవై ఏళ్ళపాటు నేను చేసిందంతా ఎవరి వంతెనకో ఒక స్తంభం, ఎవరి గోడకో ఇనుప చువ్వల పట్టిక. మొదటి గీత నుంచి చివరి గీత దాకా నాది అని చెప్పుకోగలిగింది ఇదొక్కటే. అది పోతుందేమోనని నా భయం.

ఇక్కడ పెద్ద రోడ్డు పనులు కాంట్రాక్టుకు వెళ్ళేముందు ఈ తంతు మామూలే. డిజైన్‌తో సంబంధం లేనివాళ్ళు చేరి, ప్రతి భాగాన్నీ 'ఇది చేసే పని ఏమిటి, ఆ పని ఇంకోలా జరుగుతుందా' అని అడుగుతారు. ఖర్చు కోయడం కాదు, విలువ పెంచడం అంటారు. కోసేవాళ్ళెవరైనా అలాగే అంటారని నేనన్నాను.

ఒక హోటల్లో కిటికీలు లేని మీటింగ్ గది. మొదటి రోజు నేను నా డిజైన్ చూపించి, ఆ తర్వాత అడిగినవాటికి జవాబులు చెప్పడానికి అక్కడే ఉండిపోయాను. కొన్ని గంటలు ఉంటే చాలన్నారు. ఐదు రోజులూ ఉన్నాను. ఈ పంచాయితీ నడిపించే ఆవిడకు అరవై దాటి ఉంటాయి, దూదిలాంటి జుట్టు, దూదిలాంటి గొంతు. ఖర్చుల అంచనాలు వేయడానికి డాలస్ నుంచి వచ్చిన వరంగల్ మనిషి మొదటి కాఫీ అయ్యేలోపే నన్ను అక్కను చేసేశాడు. బల్ల చివర టోపీ పెట్టుకుని కూర్చున్నాయన రోడ్ల మరమ్మతు విభాగం వాడు. ముప్పై ఏళ్ళుగా చలికాలంలో మంచు తోసే ట్రక్కు నడుపుతున్నాడు. మొదటి రెండు రోజులూ ఆయన పిస్తా వలుచుకోవడం తప్ప ఏమీ చేయలేదు. మిగతా నలుగురూ తలాడించేవాళ్ళు.

రెండో రోజు దూదిగొంతు ఆవిడ నన్ను పట్టుకుంది. ఆవిడ మాటలు ఇంగ్లీషే, నేను తెలుగు చేస్తున్నాను.

"మీ వంతెన ఏం పని చేస్తుంది? రెండే మాటల్లో చెప్పండి."

"కౌంటీ రోడ్డు మీద వచ్చే వాహనాలను హైవే మీదుగా సురక్షితంగా..."

"రెండు మాటలు."

"రోడ్డును ఎత్తుతుంది."

"ఎందుకు ఎత్తాలి?"

"ఎత్తకపోతే హైవే మీద బండ్లకు అడ్డం పడుతుంది కాబట్టి!"

"అంటే అసలు చేసే పని?"

"దారులు విడదీస్తుంది," అన్నాను, పళ్ళ మధ్య నుంచి.

ఆవిడ బోర్డు మీద అదే రాసి, 'రోడ్డును ఎత్తడం' అన్నది కొట్టేసింది. అది పని కాదట, పని చేసే మార్గాల్లో ఒకటట.

వరంగల్ తమ్ముడు నా వైపు వంగాడు. "అయిపాయె అక్కా. మీదికెల్లి పోవుడు గూడ విడదీసుడే, కిందికెల్లి పోవుడు గూడ విడదీసుడే."

"నువ్వెవరి పక్షం?"

"నేను కాలిక్యులేటర్ పక్షం."

మూడో రోజు నాకు నరకం. ఆ రోజు ఎవరికి ఏ ఆలోచన వచ్చినా బోర్డెక్కాలి, ఎవరూ 'కుదరదు' అనకూడదు. అన్నవాళ్ళ ముందు బొటనవేలంత నారింజరంగు ప్లాస్టిక్ కోన్ పెడతారు, రోడ్డు పనుల దగ్గర పెట్టేవాటికి పిల్లలన్నమాట. ఉప్మాలో జీడిపప్పు ఉండాలా వద్దా అన్నదాని మీద అరగంట వాదించగలదాన్ని, సాయంత్రం దాకా నోరు కట్టుకోమంటే ఎలా? పదకొండు గంటలకల్లా నా ముందు నాలుగు చేరాయి. ఒకాయన, రోడ్డు మూసేసి ఆ ఇళ్ళవాళ్ళకు తలా ఒక హెలికాప్టర్ ఇద్దామన్నాడు. అదీ రాశారు. దానికి కూడా నేను 'పైలట్ ఎవరు' అన్నాను.

"అయిదోది అక్కా. ఇంకో రెండొస్తే నీ లేన్ క్లోజ్ చేయొచ్చు."

అప్పుడు టోపీ ఆయన పిస్తా పొట్టు పక్కకు జరిపి, మొదటిసారి నోరు విప్పాడు. "ఆ పక్కనే వాగు ఉంది కదా. దాని మీద హైవేకి ఎలాగూ వంతెన కడుతున్నారు. దాన్నే ఇంకో స్తంభం అవతలిదాకా పొడిగించి, కౌంటీ రోడ్డును వాగు ఒడ్డు వెంట దాని కిందనుంచి పంపిస్తే? రెండు వంతెనలెందుకు?"

అందరూ నా వైపు చూశారు.

"వరదొస్తే మునిగిపోతుంది!" అన్నాను. ఆరో కోన్.

నాలుగో రోజు విమర్శలు చేసుకోవచ్చు. నేను వాగు పటాలన్నీ చంకన పెట్టుకుని యుద్ధానికి వెళ్ళాను. టోపీ ఆయన పటాల వైపు కూడా చూడలేదు. "వెళ్ళి చూద్దాం రండి," అన్నాడు. అందరం వ్యాన్ ఎక్కాం.

వాగు ఒడ్డున పాత ముళ్ళకంచె. దాని కింది తీగకు పాత వరదల ఎండుగడ్డి చిక్కుకుని ఉంది, నా మోకాలి ఎత్తున. కంచెకు ఇవతల, నేను నిలబడ్డ చోటు కంటే నిలువెత్తు పైన, బండి పోయేంత వెడల్పున చదునైన నేల.

"పెద్ద వాన పడ్డప్పుడల్లా ఈ రోడ్డుకు అడ్డంగా 'దారి లేదు' బోర్డులు పెట్టేది నేనే. పైన ఉన్న ఆ చదును ఎప్పుడూ మునగలేదు," అన్నాడు టోపీ ఆయన.

"మీ కళ్ళతో చూసింది నాకు లెక్క కాదు. వందేళ్ళకొకసారి వచ్చే వరదకు చూడాలి," అన్నాను. ఆ అంచనా ఎక్కడుందని వరంగల్ తమ్ముడు అడిగాడు. ట్యాబ్లెట్‌లో వెతికితే దొరికింది, మా ఆఫీసులోనే, వాగు వంతెన గీసిన సహోద్యోగి ఫైల్లో. ఆ వరద మట్టం చదునుకంటే నాలుగడుగులు కింద ఉంది. నా బల్లకూ ఆయన బల్లకూ మధ్య ఒక ప్రింటర్ ఉంటుంది, అంతే. రెండేళ్ళలో ఒక్కసారి కూడా ఆ ఫైలు తెరవలేదు. నాకు నా వంతెన కావాలి, అందుకని వాగు వైపు చూడలేదు. ఒప్పుకోవడానికి ఇప్పటికీ కష్టంగా ఉంది.

టోపీ ఆయన అంతటితో ఆగలేదు. నా వంతెన రావాల్సిన చోటు వైపు వేలు చూపించాడు. "చలికాలంలో వంతెన మీద నీళ్ళు నేల మీదకంటే ముందు గడ్డకడతాయి. మీరు ఆ వాలు ఎక్కించి, దిగేచోట మలుపు పెట్టారు. స్కూల్ బస్సు ఆరున్నరకి వస్తుంది. మంచు కరగడానికి హైవేకి ఉప్పు చల్లి నేనిక్కడికి వచ్చేసరికి ఎనిమిది."

"ఆ వాలు రూల్ ప్రకారమే ఉందండీ!"

"ఉంది. బస్సు కూడా రూల్ ప్రకారమే జారుతుంది."

వరంగల్ తమ్ముడు నా మోచెయ్యి పట్టుకున్నాడు. "ఇగ ఊకో అక్కా."

ఊరుకున్నాను. బస్సు సంగతి ఎందుకు రాలేదు నా బుర్రలోకి? గోడలకు రాతి రంగు ఏది బాగుంటుందని మూడు వారాలు ఆలోచించినదాన్ని.

హోటల్‌కు తిరిగి వచ్చాక, ఈ ప్రతిపాదన ఎవరు రాస్తారని దూదిగొంతు ఆవిడ అడిగితే నేనే చెయ్యెత్తాను. ఇంకెవరైనా రాస్తే తప్పులు రాస్తారు. అనుకున్నట్టే, కోళ్ళ దాణా లారీలు పట్టేంత ఎత్తు వంతెన కింద ఉంచాలన్న సంగతి అక్కడ ఒక్కరికీ తట్టలేదు. దానిమీద మధ్యాహ్నమంతా నలుగురితో పోట్లాడి, గెలిచి, ఆకలితో ఇంటికెళ్ళాను.

"నా వంతెన పోయిందండీ," అన్నాను.

"అయ్యో. ఎవరు తీసేశారు?"

"నేనే."

ఆయన ఇంకేమీ అడగకుండా ప్లేటు ముందు పెట్టారు. ఈ మనిషికి అప్పుడప్పుడూ తెలివి ఉంటుంది.

ఐదో రోజు రాష్ట్ర రోడ్ల శాఖ నుంచి వచ్చిన పెద్దాఫీసర్ల ముందు నిలబడ్డాను. ఒకాయన కళ్ళజోడు పైనుంచి చూసి, "బాగానే ఉంది గానీ, ఆ పై వంతెన గీసిన ఇంజనీరు ఒప్పుకుంటుందా? చాలా మొండిమనిషని విన్నాను," అన్నాడు.

"నిజమేనండీ. నాలుగు రోజులు పట్టింది ఆవిణ్ణి ఒప్పించడానికి," అన్నాను.

నవ్వులు ఆగాక ఇంకొకాయన వరద సంగతి ఎత్తాడు, అచ్చం నేను ఎత్తినట్టే. పాపం, ఆయనకు తెలియదు ఎవరితో పెట్టుకున్నాడో. కంచె, ఎండుగడ్డి, వరద మట్టం, స్కూల్ బస్సు, అన్నీ వరసగా చెప్పాను. ఆయన చాలన్నాక కూడా చెప్పాను.

మూడు వారాలకు ఒప్పుకున్నట్టు కబురొచ్చింది. వాగు వంతెన కాగితాల మీద పేరు మా సహోద్యోగిదే, అందులో చివరి స్తంభం నుంచి ఒడ్డు దాకా నాది. అంటే మళ్ళీ ఇంకొకరి వంతెనలో ఒక ముక్క. ఒక పూట మనసు చివుక్కుమంది. ఆ తర్వాత కొత్త గీత మొదలుపెట్టేముందు టోపీ ఆయనకు ఫోన్ చేశాను.

"కింద రోడ్డు ఎంత వెడల్పు పెట్టాలో చూడాలి. మీ మంచు తోసే బ్లేడు ఎంత?"

"పదకొండు అడుగులు."

"ఖచ్చితంగానా?"

ఫోన్‌లో పిస్తా పగిలిన చప్పుడు. "నేను చెప్తే నమ్మరు. టేపు పట్టుకుని వచ్చి మీరే కొలుచుకోండి."

వెళ్ళాను. నా టేపుకు పన్నెండు వచ్చింది. బ్లేడు ఏటవాలుగా తిప్పి కొలవాలని ఆయన, తిన్నగా పెట్టి కొలవాలని నేను, ట్రక్కుల షెడ్డులో అరగంట తగువులాడుకున్నాం. రోడ్డుకు పన్నెండడుగుల లెక్కే వేశాను.