చేపలు లేవని రాసిన నాలుగు రోజులు

ఆగస్టు, రెండో గురువారం, మధ్యాహ్నం. కువైట్ సాల్మియాలో మా ఫ్లాట్. హాజరు: నేను, నా భార్య సరస్వతి, మా అబ్బాయి, హైదరాబాదు కోడలు స్వప్న.

పెనం మీద సాల్మన్ ముక్కలు చిటపటలాడుతున్నాయి. ఎండకు కిటికీలన్నీ మూసి ఉండటంతో ఆ వాసన హాలంతా పట్టేసింది. స్వప్న ఫోనులో ఏదో చదువుతూ, "మామయ్యా, సముద్రం వేడెక్కి ఈ చేపలు ధ్రువం దిక్కు పోతున్నయంట. ఎన్నడూ లేని కాడ వలల పడుతున్నయంట" అంది. "ఎన్నడూ లేవని ఎట్లా తెలుసు? అంతకుముందు ఎవరన్నా పోయి చూసినారా?" అని మా అబ్బాయి నవ్వాడు. నేను లేచి బాల్కనీ దాకా వెళ్ళి, వేడిగాలి కొట్టి వెనక్కి వచ్చాను. మళ్ళీ లేచాను. ఆ ప్రశ్నకు జవాబు నాకు నేర్పింది రాజ్యలక్ష్మి గారు.

భీమవరం ఆవిడ. చేపల మీద పరిశోధన చేసిన డాక్టరు. కువైట్‌లో నేను పనిచేసిన చిన్న ల్యాబుకు ఆవిడే పెద్ద. అంతకుముందు ఉత్తరాన మంచు సముద్రం ఒడ్డున కొన్నేళ్ళు పనిచేశారు. అక్కడ ఒక ముసలి జాలరి తన వలలో సాల్మన్ పడ్డప్పుడల్లా తెచ్చి బల్ల మీద పెట్టేవాడట. "ఇది మా చేప కాదు, దీనికి మా భాషలో పేరే లేదు" అనేవాడట. "ఆయన మాట నిజమేనని నాకు తెలుసండీ. కానీ పాత రోజుల్లో వల ఖాళీగా వచ్చిందని ఎవరూ రాసిపెట్టలేదు. అందుకే రెడ్డిగారూ, చేప పడకపోతే సున్నా రాయండి. గడి వదిలేస్తే నేనూరుకోను" అన్నారు నేను చేరిన మొదటి రోజునే.

నా పని జెట్టీ దగ్గర. చేపలు పట్టే గర్గూర్ అనే తీగబుట్టలు నాలుగు నీళ్ళలో ఉండేవి. రోజూ పొద్దున్నే వాటిని ఎత్తి, హామూర్ చేపలు లెక్కపెట్టి, నీటి వేడి చూసి, చేపల్ని వదిలేసి రిజిస్టరులో రాయాలి. ఎండలు ముదిరితే హామూర్ ఒడ్డు వదిలి చల్లటి లోతుకు పోతోందా అన్నది ఆవిడ ప్రశ్న.

ఒక జులైలో ఇఖామా, అంటే ఇక్కడ ఉండటానికిచ్చే అనుమతి, ఆ కాగితాల కోసం నాలుగు రోజులు ఆఫీసుల చుట్టూ తిరిగాను. సెలవు అడగడానికి భయం. బుట్టలు ఎత్తకుండానే నాలుగు గడుల్లో నాలుగు సున్నాలు పెట్టాను. అయిదో రోజు బుట్టల నిండా చేపలు. రెండు చచ్చి తేలాయి. అన్నీ ఆ ఒక్క రోజువే అన్నట్టు రాశాను.

కొన్నాళ్ళకు ఆవిడ నన్ను గదిలోకి పిలిచి గోడ మీది గ్రాఫు చూపించారు. "చూశారాండీ! సరిగ్గా వేడి ఎక్కువున్న నాలుగు రోజులూ ఒక్క చేపా లేదు. మళ్ళీ వచ్చేశాయి. రేపు మీటింగులో ఇదొక్కటి చాలు." ఆ ముఖంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు. బయటికి వచ్చి కారిడార్‌లో ఆ చివర్నుంచి ఈ చివరికి ఎన్నిసార్లు నడిచానో తెలియదు. చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే రేపు అందరి ముందు నా అబద్ధం ఆవిడ నోట పలుకుతుంది. సాయంత్రం ఆవిడ బ్యాగు సర్దుకుంటుండగా లోపలికి వెళ్ళాను.

"మేడమ్, ఆ నాలుగు దినాలూ నేను పోలేదు, ఇఖామా కోసం తిరిగినాను."

ఆవిడ బ్యాగు కింద పెట్టి గ్రాఫు దగ్గరికి వెళ్ళారు.

"అయిదో రోజు ఎన్ని పడ్డాయి?"

"పదకొండు. రెండు చచ్చినాయి."

"ఇఖామా అయిందా మరి?"

"అయింది మేడమ్."

"అదన్నా నిజమేనా?"

తిట్టలేదు. వెళ్ళమన్నట్టు చెయ్యి ఊపారు.

ఆ రోజు నుంచి నా డైరీల్లో కొన్ని తేదీల కింద "చూడలేదు" అని ఉంటుంది. సున్నా రాయాలన్నా, ఆ మాట రాయాలన్నా ఈ వయసులోనూ కలం ఒక్క క్షణం ఆగుతుంది.

నేను చెప్పిన మర్నాడు ఉదయం మీటింగులో ఆవిడ గ్రాఫు పెట్టి, నాలుగు సున్నాల మీద అందరూ చూస్తుండగా ఎర్రగీత గీశారు. "ఈ రోజుల్లో మేము బుట్టలు ఎత్తలేదు. చేపలు పోయాయని ఇప్పుడు చెప్పలేను" అన్నారు.

"మేము అంటే ఎవరు?" అని డైరెక్టరు అడిగాడు.

"రిజిస్టరు నాది. నేనే."

తలుపు దగ్గర నిలబడ్డ నా వైపు అప్పుడు తిరిగి, "ఏవండీ రెడ్డిగారూ, ఇవాళ్టి బుట్టలు ఎత్తారా?" అన్నారు తెలుగులో. ఎత్తలేదు. జెట్టీ వైపు పరుగెత్తాను.