అధికారి గారితో రియాద్ క్యాంపుకు

గల్ఫ్ యుద్ధం ముగిసిన కొన్నేళ్లకు, అల్ ఖోబర్‌లో మా పక్కింటి నేపాలీ మిత్రుడు ఒక గురువారం తలుపు తట్టాడు. "రేపు మా మామయ్యను రియాద్ తీసుకెళ్తారా? నాకు డ్యూటీ పడింది." ఊరు దాటాలంటే అప్పట్లో కఫీల్, అంటే మనల్ని పనికి రప్పించుకున్న యజమాని, సంతకంతో కాగితం ఉండాలి. నా దగ్గర అది ఉందని అతనికి తెలుసు. మామయ్య ప్రొఫెసర్, వాళ్ల దేశంలో మానవశాస్త్రంలో డాక్టరేట్ చేసిన తొలితరం మనిషి. ఇంటిపేరు అధికారి. శనివారం నేపాల్‌కు తిరుగు ప్రయాణం. ఆలోపు నేపాలీ కార్మికులతో మాట్లాడాలని ఆయన పట్టుదల.

శుక్రవారం తెల్లవారగానే బయలుదేరాం. నాలుగు గంటల ఎడారి దారి. పెట్రోలు మంచినీళ్లకంటే చవక. దారిపొడవునా ఆయన హిందీలో తన కథ చెప్పారు. "మనుషుల్ని చదవడానికి అంత దూరం పోవాలా, మేం లేమా?" అందట వాళ్లమ్మ. మొదటిసారి ఓ కొండ ఊళ్లో మకాం పెడితే, పెళ్లిచూపులకొచ్చాడనుకుని ఇంటింటా భోజనాలు పెట్టారట. కాదని తెలిశాక మంచినీళ్లకీ దిక్కు లేదట. "ఇప్పుడా ఊళ్లలో అడుగుదామంటే మగవాళ్లు లేరు. అందరూ ఇక్కడే ఉన్నారు. అందుకే నేనూ వచ్చాను."

రియాద్‌లోని మలాజ్ పేటలో టీ తాగి, దారి కనుక్కుని, ఊరి చివరి కార్మికుల క్యాంపుకు చేరాం. గేటు దగ్గర అక్కడి వంటమనిషి, నాకు తెలిసిన కరీంనగర్ రాజన్న ఎదురయ్యాడు. "అధికారి గారొచ్చారు" అన్నాను.

రాజన్న ముఖం పాలిపోయింది. "అధికారొచ్చిండ్రోయ్!" అని లోపలికి కేకేశాడు. ఇకామా, అంటే అక్కడ ఉండేందుకిచ్చే అనుమతి కార్డు, గడువు దాటినవాళ్లంతా వెనక గోడ దూకారు. నిమిషంలో క్యాంపు ఖాళీ.

ప్రొఫెసర్ నీరుగారిపోయారు. నేను కంగారుపడి, "అది ఇంటిపేరు రాజన్నా! ఈయన డాక్టరు!" అన్నాను.

"గా ముచ్చట ముందుగాల చెప్పొద్దా సార్!" అని, "డాక్టరొచ్చిండ్రోయ్!" అంటూ గోడవైపు మళ్లీ కేకేశాడు.

గోడ దూకినవాళ్లు దూకినట్టే తిరిగొచ్చి, మోకాళ్లు, నడుములు పట్టుకుని వరుసకట్టారు. ప్రొఫెసర్ నా వైపు కోపంగా చూశారు. తర్వాత నిట్టూర్చి, మొదటివాడిని నేపాలీలో అడిగారు: "నొప్పి ఎప్పట్నుంచి?"

"తోటపని అని ఏజెంటు చెప్పాడు సాబ్. వచ్చాక ఒంటెల వెంట పరుగెత్తించారు. అప్పట్నుంచి."

ఆయన అతణ్ణి తన పక్కన కూర్చోబెట్టుకున్నారు. తన దగ్గర మందుల్లేవని అందరికీ చెప్పినా వరుస కదల్లేదు. నేపాలీల వెనక మనవాళ్లూ చేరారు. వాళ్ల మాటలు నేను హిందీలోకి మార్చాను.

"మందుల్లేవన్నా పోరేంది?" అని రాజన్నను అడిగాను.

"మందులిచ్చేటోళ్లు మస్తుగున్నరు సార్. గింతసేపు ఇనేటోడేడి?"

తిరుగుదారిలో ఆయనకు క్షమాపణ చెప్పాను. నా నోటితొందరతో ఆయన పని చెడగొట్టానేమోనని నా బెంగ. ఆయన నవ్వి, "ఇన్నేళ్లూ మీ ఆచారాలేమిటి, కులమేమిటి అని అడిగాను. ఎక్కడ నొప్పి అని ఒక్కసారీ అడగలేదు" అన్నారు.

మీరూ క్యాంపులు చూడాలనుకుంటే శుక్రవారం మధ్యాహ్నం, నమాజు అయ్యాక వెళ్లండి. పొద్దున అందరూ బట్టలు ఉతుక్కుంటుంటారు. ఖాళీ కడుపుతో వెళ్లండి. తినకుండా ఎవరూ కదలనివ్వరు.