ఫోన్‌లో పెన్సిల్ చప్పుడు

మిర్యాలగూడ లైబ్రరీ సారును తలుచుకుంటే నాకు ముందు ఆ పెన్సిల్ చప్పుడే వినబడుతుంది. 2012లో కాలు విరిగి ఆరు నెలలు మంచంలోనే ఉన్నాను. ఇల్లు కదలలేని మాలాంటి నలుగురిని సారు రోజూ పదకొండింటికి ఒకే లైన్ మీద కలిపి, ఫోన్‌లో పేపర్ చదివి వినిపించేవాడు. ఒక్కళ్లమే ఉన్నామన్న దిగులు పోవాలని ఆయనే పెట్టిన పద్ధతి అది. కానీ ఆయన ముప్పై ఏళ్లు రీడింగ్ రూములో మాటలు ఆపించిన మనిషి. మాలో ఎవరు నోరు తెరిచినా బల్ల మీద పెన్సిల్‌తో టక్ టక్‌మని కొట్టేవాడు.

ఒకరోజు వేములపల్లి అవ్వ, "సారూ, ఇయ్యాల మా ఆవు ఈనింది" అన్నది. టక్ టక్. "పెయ్యనా, కోడెనా అవ్వా?" అని నేనడిగితే మళ్లీ టక్ టక్. నాకు ఒళ్లు మండింది.

"పేపర్ మేం గూడ చదువుకుంటం సారూ. మాట్లాడేటోళ్లే లేరు" అన్నాను.

"లైబ్రరీల మాట్లాడొద్దమ్మా" అన్నాడు నింపాదిగా.

నా మంచం ఎప్పుడు లైబ్రరీ అయిందో నాకు తెలియలేదు. ఆఖరికి అందరం మాటలు మానుకున్నాం.

ఆయన రిటైరయ్యే రోజు పేపర్ చదవడం అయిపోయినా ఫోన్ పెట్టేయలేదు. "రేపటి సంది ఇంట్ల నేనొక్కన్నే. ఎవరన్న ఓ మాట మాట్లాడుండ్రి" అన్నాడు.

నలుగురం లైన్‌లోనే ఉన్నాం. అవ్వ దగ్గు కూడా ఆపుకున్నది. మాట నా నోటిదాకా వచ్చింది. టక్‌మంటుందేమోనని ఆగాను.

కాసేపు చూసి ఆయనే పెట్టేశాడు.