కారు కబుర్ల కొట్టు

గజపతినగరం మెయిన్ రోడ్డులో, బస్టాండుకి కాస్త ఇవతల గణపతిరావు కిరాణా కొట్టుంది. ఉప్పూ పప్పూ అమ్మే కొట్లు ఆ ఊళ్లో ఇంకా చాలా ఉన్నాయి గానీ, ఫలానా కారు మంచిదా కాదా అని తెలుసుకోవాలంటే మాత్రం ఒకప్పుడు జనం ఈ కొట్టుకే వచ్చేవారు. విచిత్రం ఏమిటంటే గణపతిరావుకి కారు లేదు. కొనలేక కాదు, ఆయనకి కారు పడదు. ఎక్కి ఊరి పొలిమేర దాటకుండానే కడుపులో తిప్పేస్తుంది. నిమ్మకాయ వాసన చూసినా, అల్లం ముక్క బుగ్గన పెట్టుకున్నా లాభం లేదు. తన పెళ్లి ఊరేగింపులో కూడా అంతే, సగం దారిలో కారు దిగిపోయి పక్కన నడుచుకుంటూ వచ్చాడు. లోపల పెళ్లికూతురు ఒక్కతీ కూర్చుని ఉంటే చూసినవాళ్లు చూసినట్టు నవ్వారు. భార్య పద్మకుమారి ఇప్పటికీ ఏదైనా కోపం వస్తే ముందు ఆ సంగతే తీస్తుంది.

కానీ కళ్లు మాత్రం కార్ల మీదే ఉండేవి. సాలూరు వైపు వెళ్లే బండి కొట్టు ముందు ఆగిందంటే పప్పు తూస్తున్న చెయ్యి అలాగే గాల్లో నిలిచిపోయేది.

ఆయనకి పెళ్లయిన కొత్తలో పొట్లాలు కట్టడానికి కొన్న పాత కాగితాల కట్టలో ఒక రంగుల పుస్తకం వచ్చింది. పేరు 'కారు కబుర్లు'. విశాఖపట్నం నుంచి వెలువడే మాసపత్రిక. ఎవరికో జీలకర్ర పొట్లం కట్టబోయి అందులో ఒక పేజీ పట్టుకున్నాడు. ఎర్రటి కారొకటి ఘాట్ రోడ్డు మలుపు తిరుగుతోంది. చింపలేకపోయాడు. జీలకర్ర దినపత్రిక ముక్కలో కట్టి ఇచ్చి, పుస్తకాన్ని గల్లాపెట్టె కింద దాచాడు. పై నెల నుంచి విజయనగరం ఏజెంటు పేపరు కట్టలతో పాటు ఒక కాపీ బస్సులో పంపించేలా ఏర్పాటు చేసుకున్నాడు.

మొదట తనలో తనే చదువుకునేవాడు. ఒక సంత రోజున సరుకులకి వచ్చిన జోగయ్య, బల్ల మీద చతికిలబడి, "ఏటి సావుకారూ, నీలో నువ్వే నవ్వుకుంటన్నావు? కాస్త పైకి సదువు, నానూ ఇంటాను" అన్నాడు. జోగయ్యది మెంటాడ రోడ్డులో ఒక పల్లె. వరీ, మొక్కజొన్నా పండిస్తాడు. గణపతిరావు కన్నా పదేళ్లు పెద్ద. చదువు పెద్దగా అబ్బలేదు గానీ ఒకసారి విన్నది మరిచిపోడు. గణపతిరావు పైకి చదివాడు. గొంతు మంచిది, ఎక్కడ ఆపాలో ఎక్కడ సాగదీయాలో తెలుసు. వింటూ వింటూ జోగయ్య సరుకుల సంచి మరిచిపోయి వెళ్లిపోయాడు.

అలా మొదలైంది. కరెంటు లైన్‌మన్ కొండబాబు వచ్చి చేరాడు. రైసుమిల్లులో గుమస్తా ఉపేంద్ర వచ్చాడు. పుస్తకం దిగిన రోజు సాయంత్రం నలుగురూ బల్ల మీద చేరేవారు. రోడ్డు మీద లారీ పోతే గణపతిరావు ఆగేవాడు, దుమ్ము సద్దుమణిగాక మళ్లీ అందుకునేవాడు. కొత్త కారు పరీక్ష, పాఠకుల ప్రశ్నలూ జవాబులూ, చివరి పేజీలో 'దారి ముచ్చట' అని ఎవరో ఒకరు కారులో చేసిన ప్రయాణం. ఒక నెల అరకు లోయ, ఇంకో నెల కళింగపట్నం సముద్రం. చేపలు ఎండబెట్టిన వాసనకి కారు అద్దాలు ఎత్తేశామని అందులో రాస్తే, కొండబాబుకి కోపం వచ్చింది. "అద్దాలెత్తీసి సముద్రం సూడ్డానికి ఎల్లడమేటి? ఇంట్లో కూకోలేకపోయాడా?" అన్నాడు.

అప్పటికి నలుగురికీ కలిపి ఉన్నది మూడు సైకిళ్లూ ఒక మోపెడ్డూ. అయినా ఎవరి కారు వాళ్లకి ఉండేది. జోగయ్యకి జీపులాంటి పెద్ద బండి కావాలి, వెనకాల మొక్కజొన్న బస్తాలు పట్టాలి. ఉపేంద్రకి ఏసీ ఉంటే చాలు. కొండబాబుది డీజిల్ పక్షం. పెట్రోలు మంచిదా డీజిలు మంచిదా అన్న మాట మీద ఉపేంద్రా తనూ దెబ్బలాడుకుని కొన్నాళ్లు మాట్లాడుకోలేదు. మాట్లాడుకోకపోయినా పుస్తకం వచ్చిన రోజున మాత్రం బల్లకి ఆ చివరొకడూ ఈ చివరొకడూ కూర్చుని విన్నారు.

పుస్తకం ఒక్కరోజు ఆలస్యమైతే జోగయ్య కళ్లంలో పని వదిలేసి వచ్చేవాడు. "దిగినాదా?" అని రోడ్డు అవతల నుంచే కేకేసేవాడు. దిగలేదంటే మొహం చిన్నబుచ్చుకుని, అవసరం లేకపోయినా అరకేజీ శనగలు కొనుక్కుని వెళ్లేవాడు.

ఒకసారి కొండబాబు ఎవరికీ చెప్పకుండా పత్రికకి ప్రశ్న రాసి పడేశాడు. 'మా మిత్రుడికి కార్లంటే ప్రాణం, ఎక్కితే వాంతి. ఏ కారు మంచిది?' అది అచ్చయింది. గణపతిరావు పైకి చదువుతూ చదువుతూ మధ్యలో తన సంగతేనని గ్రహించి ఎర్రబడ్డాడు. ముందు సీట్లో కూర్చోవాలనీ, దూరంగా రోడ్డు చివరకి చూడాలనీ జవాబు ఇచ్చారు. నలుగురూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. లోపల పప్పులో రాళ్లేరుతున్న పద్మకుమారి నవ్వు కూడా బయటికి వినిపించింది.

ముందుగా కారు కొన్నవాడు ఉపేంద్ర. మిల్లులో వాటాదారుడయ్యాడు. కారుకి పసుపూ కుంకుమా పెట్టించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, తిన్నగా కొట్టు ముందుకే తెచ్చి ఆపాడు. నలుగురూ చుట్టూ తిరిగి తలుపులు తీసి, వేసి, మళ్లీ తీశారు. పుస్తకంలో చదివినవన్నీ అక్కడున్నాయి. "శ్రీముఖలింగం పోదాం బావా, నువ్వు రావాల్సిందే" అని ఉపేంద్ర పట్టుబట్టాడు. గణపతిరావు కాదనలేకపోయాడు. పత్రిక చెప్పినట్టు ముందు సీట్లో కూర్చుని, రోడ్డు చివరకి చూస్తూ విజయనగరం దాకా బాగానే వెళ్లాడు. నాతవలస జంక్షను వచ్చేసరికి కొత్త సీటు కవరంతా పాడుచేశాడు.

"పర్వాలేదు బావా, కడిగేస్తే పోతాది" అన్నాడు ఉపేంద్ర. గొంతు మాత్రం వేరుగా ఉంది.

"మీరెళ్లండి. బస్సు నాకేం చెయ్యదు" అని గణపతిరావు దిగిపోయాడు. మిగతా ముగ్గురూ వద్దు వద్దన్నారు, కాసేపు ఆగారు, తరవాత వెళ్లారు. జంక్షనులో సోడా తాగుతూ ఆ కారు హైవే మీద కలిసిపోవడం ఆయన చూశాడు. ఎంత చక్కగా వెళ్తోందో అనుకున్నాడు. మర్నాడు వాళ్లు ప్రసాదం తెచ్చిచ్చారు. ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఆ తరవాత చేసిన ప్రయాణాలకి ఎవరూ ఆయన్ని పిలవనూ లేదు.

ఆ పై నెల పుస్తకం వచ్చింది, ఉపేంద్ర రాలేదు. దారిలో కనబడితే గణపతిరావు అడిగాడు. ఉపేంద్ర నవ్వి, "కారే ఉన్నాది కదా బావా, ఇంకా దాని గురించి సదవడం ఏటి?" అన్నాడు.

అందులో తప్పేమీ లేదు. అయినా ఆ మాట గణపతిరావుకి చాలా రోజులు మింగుడుపడలేదు. కొన్నేళ్లకి కొండబాబుకి ప్రమోషనొచ్చింది, లోనుమీద కారొచ్చింది. ఆ వెనకే ఫోనొచ్చింది. "నెల్లాళ్లు ఎవడు ఆగుతాడు గణపతీ? కారు షోరూములోకి రాకముందే ఇందులో వీడియో ఉంటాది" అనేవాడు. జోగయ్య కూడా రోడ్డు పక్క పొలం ముక్క అమ్మి, కోరుకున్న పెద్ద బండి కొన్నాడు. మొదట్లో దాని మీదే వచ్చి వినేవాడు. తరవాత పెళ్లిళ్లకీ, తీర్థాలకీ చుట్టాలందరికీ ఆ బండే కావలసి వచ్చి, జోగయ్యకి తీరిక లేకుండా పోయింది. కార్లు లేని రోజుల్లో నలుగురూ బల్ల మీద నుంచే కలిసి అరకు వెళ్లారు, కళింగపట్నం వెళ్లారు. కార్లొచ్చాక ఎవరి దారిన వాళ్లు వెళ్లారు.

పత్రిక కూడా చిక్కిపోతూ వచ్చింది. మధ్య రంగుల పేజీలు పోయాయి, 'దారి ముచ్చట' అర పేజీ అయింది. ఒక నెల రావడం, ఒక నెల మానడం. విజయనగరం ఏజెంటు ఫోన్ చేసి, "ఈ పక్క మొత్తానికి మీ ఒక్క కాపీయేనండి" అన్నాడు, అదేదో గొప్ప బిరుదు ఇచ్చినట్టు. గణపతిరావు మళ్లీ తనలో తనే చదువుకోవడం మొదలెట్టాడు. అక్షరాలు కళ్ల ముందు నుంచి పోతున్నాయి గానీ రుచి తెలియలేదు. పైకి చదవబోతే, అటుగా పోయేవాళ్లు ఫోన్లో మాట్లాడుతున్నాడు కాబోలనుకున్నారు.

ఇలా కాదని ఒక సాయంత్రం అందరికీ తనే ఫోన్ చేశాడు. పద్మకుమారి చేత మిరపకాయ బజ్జీలు వేయించాడు. ఉపేంద్రా, కొండబాబూ వచ్చారు. రెండు కార్లూ కొట్టు ముందు ఆపితే వెనకాల ఆటోలు హారన్లు మోగించాయి. జోగయ్య రాలేదు, ఒంట్లో బాగులేదన్నారు. గణపతిరావు గొంతు సవరించుకుని కొత్త కారు పరీక్ష అందుకున్నాడు. మొదటి పేరా కాకుండానే కొండబాబు, "ఇది నాను సూసీసినాను, ఇదిగో" అని ఫోను తీశాడు. ఉపేంద్ర అటు జరిగాడు. ఇద్దరూ హాయిగా నవ్వుకున్నారు, టోల్ గేట్ల గురించి, డ్రైవర్లు దొరక్కపోవడం గురించి మాట్లాడుకున్నారు. బజ్జీలు బాగున్నాయని పదే పదే అన్నారు. వాళ్లు వెళ్లాక బల్ల తుడవబోయిన పద్మకుమారి ఆగిపోయింది. చేతికందిన కాగితం కదా అని ఎవరో పుస్తకం మీదే బజ్జీలు పెట్టుకుని తిన్నారు. నూనె నాలుగు పేజీల లోపలికి దిగింది.

"కావాలని సెయ్యలేదులెండి" అంది ఆమె మెల్లగా.

"తెలుసు. అదే బాధ" అన్నాడు గణపతిరావు.

ఆ తరవాత వచ్చిన సంచిక మొదటి పేజీలో, ఇదే చివరిదని సంపాదకురాలు రాసింది. చదివేవారు తగ్గిపోయారనీ, ఇన్నేళ్లూ తోడొచ్చిన వారికి దణ్ణమనీ నాలుగు వాక్యాలు. ఆయన కొట్టు మధ్యాహ్నమే కట్టేశాడు. అన్నం ముందు కూర్చుని కెలుకుతున్నాడు. పద్మకుమారి కాసేపు చూసి, "జోగయ్య గారికి సుగరు కళ్ల మీదికొచ్చిందట. మొన్న కొట్టుకొచ్చిన వాళ్లూరి మనిషి సెప్పింది. ఒకసారి సూసి రాకూడదా?" అంది.

సైకిలు మీద మెంటాడ రోడ్డు పట్టాడు. జోగయ్య ఇంటి గుమ్మంలో భార్య ఈశ్వరి ఎదురొచ్చింది. "కళ్లు కానరావు బాబూ. వెలుగూ నీడా తెలుస్తాది, అంతే. ఇంట్లో కూకోమంటే కూకోడు. అదిగో, ఆ బండిలోనే ఉంటాడు" అని పెరటి వైపు చూపించింది.

పశువుల శాల పక్కన రేకుల షెడ్డులో బండి ఉంది. టైర్లలో గాలి దిగిపోయి నేలకి కరుచుకుంది. బానెట్ మీద కోడిపెట్ట పడుకుని ఉంది. లోపల స్టీరింగు ముందు జోగయ్య, దాని మీద రెండు చేతులూ వేసుకుని కూర్చున్నాడు.

"ఎవులది?"

"నేనే మావా, గణపతిని."

"సావుకారా!" జోగయ్య మొహం విచ్చుకుంది. పక్క సీటు తడిమి దుమ్ము దులిపాడు. "ఎక్కు. కడుపు తిప్పదులే, ఇది కదిలే బండి కాదు. పుస్తకం దిగినాదా?"

"దిగింది మావా" అన్నాడు గణపతిరావు. ఎక్కి కూర్చుని, సంచిలోంచి పుస్తకం తీశాడు. మొదటి పేజీ తిప్పేసి, రెండో పేజీ నుంచి అందుకున్నాడు. కొత్త కారు పరీక్ష చదివాడు, ప్రశ్నలూ జవాబులూ చదివాడు. జోగయ్య మధ్య మధ్య, "అదెలా కుదురుతాది? మళ్లీ సదువు" అని పాత రోజుల్లోలాగే తగువుపడ్డాడు. 'దారి ముచ్చట'లో మలుపు వచ్చినచోట ఆయన చేతులు స్టీరింగుని కాస్త తిప్పాయి. ఈశ్వరి టీ తెచ్చి, వాళ్లని చూసి, పిలవకుండా గ్లాసులు బానెట్ మీద పెట్టి వెళ్లిపోయింది.

వెళ్లేటప్పుడు జోగయ్య, "వచ్చే నెలది రాగానే వస్తావు కదా?" అని అడిగాడు. "వస్తాను" అన్నాడు గణపతిరావు. ఆ ఒక్క మాట దారి పొడుగునా ఆయనతో పాటు వచ్చింది.

నెల తిరిగింది. అటక మీద పాత సంచికలు వెతికి, చాలా పాతదొకటి తీసుకుని వెళ్లాడు. మొక్కజొన్న కోతలు నడుస్తున్నాయి, షెడ్డు దాకా ఆ వాసన వస్తోంది. కారు పేరు పలక్కుండా, సంవత్సరం ఉన్నచోట దాటేసి, జాగ్రత్తగా చదువుకుంటూ పోయాడు. ఒకచోట నోరు జారి అంబాసిడర్ అనేశాడు. జోగయ్య చెయ్యి ఎత్తాడు.

"ఆగు. అంబాసిడర్ ఆపీసి ఎన్నేళ్లయినాదిరా?"

ఎన్నడూ లేనిది 'రా' అన్నాడు. గణపతిరావు పుస్తకం ఒళ్లో పెట్టుకున్నాడు.

"పుస్తకం ఆపీసినారేటి?"

"ఆపేశారు మావా. మొన్న తెచ్చిందే ఆఖరుది."

జోగయ్య ఎదురుగా ఉన్న మట్టిగోడ వైపు మొహం తిప్పాడు, దూరంగా రోడ్డు చివర ఏదో ఉన్నట్టు. అబద్ధం చెప్పినందుకు తిడితే బాగుండుననుకున్నాడు గణపతిరావు.

"మనోళ్లకి తెలుసా?" అన్నాడు జోగయ్య.

"తెలిసుండదు. చెప్పినా..."

"సెప్పకులే." సీటులో కాస్త సర్దుకుని కూర్చున్నాడు. "నీ అటక మీద ఎన్ని ఉన్నాయేటి?"

"అన్నీ ఉన్నాయి. మొదటి నుంచీ."

"అయితే ఇంకేటి. సదువు. మైలేజీ దగ్గర మాత్రం నెమ్మదిగా సదువు, అప్పుడు నువ్వు గబగబా పోయేవోడివి, నాకు సరిగ్గా అందేది కాదు."

గణపతిరావు పేజీ సరిచేసుకుని, ఆ వాక్యం మొదటి నుంచి అందుకున్నాడు.