కరివేపాకు కొమ్మకు కట్టిన గూడు

మా ఆడబిడ్డ పోయిన వార్త ఆమె ఫోనుకే వచ్చింది. తిరుపతి ఆసుపత్రిలో ఆమెకు తోడున్న మా అబ్బాయి చేశాడు. "అమ్మా, అత్త పోయింది" అన్నాడు. గాలి ఎక్కువై అప్పటికి రెండు రోజులుగా పులికాట్ సరస్సులో పడవలు తిరగడం లేదు. మా దీవి నుంచి ఒడ్డు కనిపిస్తూనే ఉంది, పోయే దారే లేదు. పడవ దొరకగానే పోయి ఆమెకు చెప్పాలనుకున్న మాట ఒకటి నా దగ్గరే ఉండిపోయింది.

ఆమె ఫోను నా దగ్గర ఎందుకుందో చెప్పాలి.

భర్తలు పోయాక మేమిద్దరం ఒకే ఇంట్లో ఉన్నాం. ఆమె ఏడో తరగతితో చదువు మానేసింది. నేను ముప్ఫయ్యేళ్లు ఈ దీవి బడిలో సైన్సు చెప్పాను. పురుగుల గురించి నాకు తెలిసిందంతా పుస్తకంలోది, ఆమెకు తెలిసిందంతా పెరట్లోది. మేనల్లుడు, అదే మా అబ్బాయి, ఫోను కొనిస్తే ఎవరైనా పొద్దున్నే దేవుడి బొమ్మలు పంపుతారు. ఈమె పేడపురుగు ఫోటో పంపేది. బంధువులు గ్రూపులోంచి తీసేశారు. "మంచిదే వదినా, టైము మిగిలింది" అంది.

ఇసుకలో బోర్లా పడుకుని, ఊపిరి బిగబట్టి ఫోటో తీసేది. ఒకరోజు వల మోసుకుపోతున్న మనిషి చూసి పరిగెత్తుకొచ్చాడు.

"ఏమ్మా, పడిపోయినావా?"

"పడలేదప్పా, పడుకున్నా. పక్కకు జరుగు, నీ నీడ దాని మీద పడతాండాది."

అతను భయంగా నా వైపు చూశాడు. "పిచ్చి ఇంకా ముదరలేదులే, పో" అన్నాను.

నేను చీపురెత్తితే అడ్డం వచ్చేది. "చంపే ముందు పేరడుగు వదినా" అనేది. పేరు చెప్పినాక చంపొచ్చా అంటే, "పేరు తెలిసినాక నీకే చెయ్యి రాదు" అనేది. నాకు చెయ్యి వచ్చేది. బొద్దింక పేరు నాకు బాగా తెలుసు.

అయినా ఒకసారి తుమ్మకొమ్మ దగ్గర నన్ను చాలాసేపు నిలబెట్టింది. ముల్లు అనుకున్నది నడిచింది. డెబ్బయ్యో ఏట నాకు చదువు చెప్పింది ఏడో తరగతి ఆడబిడ్డ.

ఈ ఏడు ఆమె ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. ఆసుపత్రికని పడవెక్కే ముందు కూడా నన్ను పెరట్లోకి లాక్కుపోయింది. కరివేపాకు చెట్టుకు, చెయ్యి అందే ఎత్తులో, ఆకుపచ్చటి గూడు. ఆకుకూ దానికీ తేడా తెలియదు. సీతాకోకచిలుక నాలుగు దశలూ బోర్డు మీద వందలసార్లు గీశాను. గూడును కళ్లారా చూడడం అదే మొదలు. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు.

"గుడ్డు కాడి నుంచి అన్నీ తీసినా వదినా. రెక్కలతో బయటికొచ్చేది ఒగటే మిగిలింది. ఎప్పుడు కాసినా నేను లోపలికి పొయ్యొచ్చేలోగా ఎగిరిపోతాది. ఈసారి నువ్వు ఫోటో పట్టియ్యి" అని ఫోను నా చేతిలో పెట్టింది. "ఆ కొమ్మ మాత్రం ముట్టొద్దు."

ఆరు రోజులు తీశాను. ఏడో రోజు నేను తిరుపతి పోవాలి. ఆమె నోటికి ఏదీ సయించడం లేదని, చారు అడుగుతోందని మా అబ్బాయి చెప్పాడు. రేవులో పడవవాడు కేకలేస్తున్నాడు. పొయ్యి మీద ఆవాలు చిటపటలాడుతున్నాయి. పెరట్లోకి పరిగెత్తి, అందిన కొమ్మ తుంచి, ఆకు దూసి నూనెలో వేశాను. ఏళ్ల తరబడి చేసిన పని, చెయ్యే చేసుకుపోతుంది, కన్ను అక్కర్లేదు. ఒక ఆకు నూనెలో పగిలింది.

అప్పుడు చూశాను.

ఆ నూనె పారబోసి మళ్లీ తిరగమోత పెట్టాను.

చారు రెండు గుక్కలు తాగి, "గూడు ఎట్లుండాది?" అంది. ఉండాది అన్నాను. ముందురోజు ఫోటో చూపించాను. కళ్లకు ఆనించుకుని చూసింది.

"రంగు తిరగతాండాది. రేపో ఎల్లుండో వచ్చేస్తాది. నువ్వీడేం చేస్తాండావు? పో, ఆడుండు."

చావుబతుకుల్లో ఉన్న మనిషిని వదిలి, లేని గూడుకు కాపలా కాయడానికి నేను ఇల్లు చేరాను. మర్నాడు గాలి లేచింది. మా అబ్బాయి ఫోను ఆమె చెవి దగ్గర పెట్టాడు. "వచ్చిందా?" అంది. "ఇంకా లేదే" అన్నాను. ఆమె గొంతు వినడం అదే ఆఖరు.

పదో రోజు సరస్సు ఒడ్డున పిండం పెట్టారు. కాకి వచ్చింది, చూసింది, ముట్టలేదు. "కోరిక ఏదో మిగిలిపోయిందమ్మా" అన్నాడు పురోహితుడు. "కాపీ అంటే పానం ఆమెకు" అని ఒకావిడ గ్లాసు పెట్టించింది. "కొండకు పోవాలనుకునిందేమో, మేం పోతాంలే" అని ఇంకొకరు మొక్కుకున్నారు. కాకి పడవ అంచున కూర్చుని మమ్మల్ని ఓపిగ్గా చూసింది. కాకి మీద నాకు నమ్మకం లేదు. కానీ ఆ కోరిక తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. లేచి ముందుకు పోయాను.

"గూడును నేనే తుంచినానమ్మే. తిరగమోతలో పడిపాయ. నీకు అబద్ధం చెప్పినాను" అని అందరికీ వినిపించేలా అన్నాను.

"ఏం గూడు?" అని వెనక ఎవరో అడిగారు. మా అబ్బాయికి అర్థమైంది. వాడు నా వైపు చూడలేదు.

కాకి లేచి వెళ్లిపోయింది. ఎండ ముదిరింది. పిండాన్ని నీళ్లలో వదిలేయమన్నాడు పురోహితుడు. తీయబోయి నేను వంగితే, కింద అప్పటికే ఎర్రచీమల బారు. ఒక్కో మెతుకును నాలుగైదు పట్టుకుని, వెనక్కి నడుస్తూ, తడి ఇసుక మీద లాక్కుపోతున్నాయి. పురోహితుణ్ణి ఆగమన్నాను. చిన్న అల ఒకటి వచ్చి సగం బారును తీసుకుపోయింది. మిగిలినవి మెతుకు వదల్లేదు.