ఓజోన్‌ని నమ్మిన సాయంత్రం

మూడోసారి పాప గుడ్డ మార్చబోతే అందులో బియ్యం కడిగిన నీళ్లలాంటివి తప్ప ఇంకేమీ లేవు. అలా అయితే అది కలరా అని నేను చదువుకున్నాను.

మాన్వి తాలూకాలోని మా క్యాంపులో అందరం కాలువ నీళ్లే తాగేవాళ్లం. వరి పండించుకోవడానికి కృష్ణా జిల్లా నుంచి వలసవచ్చి, కాలువ పక్కన కొత్తగా ఊరు కట్టుకున్నవాళ్లం. కుండ లోపల చిల్లగింజ అరగదీసి నీళ్లు పోస్తే కాసేపటికి బురద అడుక్కి దిగేది. తేరిన నీళ్లే మంచినీళ్లని అందరి నమ్మకం. నేనొక్కదాన్నే వాటిని మళ్లీ కాచేదాన్ని. "నీళ్లక్కూడా వంటేనా? కాస్త ఉప్పూ కారం కూడా వెయ్యవే," అనేది అత్తగారు.

అంతకు ముందురోజు సాయంత్రం ఉరుములతో పెద్ద వాన. పొయ్యిలోకి దాచుకున్న పత్తికట్టె అంతా తడిసిపోయింది. మిగిలిన నాలుగు పొడి పుల్లలు అన్నానికే సరిపోయాయి. వాన వెలిశాక వాకిట్లో ఏదో ఘాటైన వాసన. కాలేజీలో మా లెక్చరర్ గాజుగొట్టంలోని ఆక్సిజన్‌లోకి కరెంటు పంపి ఓజోన్ చేసి చూపించినప్పుడు వచ్చిన వాసనే అది. ఓజోన్ క్రిముల్ని చంపేస్తుందనీ, పై దేశాల్లో ఊళ్లకిచ్చే నీళ్లను దానితో శుద్ధి చేస్తారనీ ఆయన చెప్పారు. నేను కుండ మూత తీసి వాకిట్లోకి జరిపాను. మెరుపులకు గాలిలో పుట్టే ఆ పిసరు ఓజోన్ చెంబెడు నీళ్లనైనా బాగుచెయ్యదని నాకు తెలుసు. తెలిసే, ఈ ఒక్క పూటకేలే అనుకున్నాను.

బస్సు దొరికి మాన్వి ఆసుపత్రి చేరేసరికి పాప కళ్లు లోతుకు పోయాయి. ఏడుస్తోంది గాని కన్నీళ్లు లేవు.

"నీళ్లు కాగబెట్టి తాపినవామ్మా?" అని నర్సు నన్నడిగింది.

మా ఆయన జవాబు చెప్పారు. "మా ఇంట్లో రోజూ కాస్తారండి. ఆవిడ బీయెస్సీ చదివింది."

"మరి గిట్లెట్లయింది?" అంది నర్సు.

నేను మాట్లాడలేదు. చీకటి పడకముందే పాప పోయింది.

మర్నాడు పొద్దున మిగతా పిల్లలిద్దరూ నా పక్కన కూర్చున్నారు. చెల్లి ఎప్పుడొస్తుందని పిల్లవాడు అడిగాడు. ఇక రాదని చెప్పాను. ఏడేళ్ల పెద్దది, కుండలో నీళ్లు ముంచి చెల్లికి తాగించింది తనేనంది. మా ఆయన, అత్తగారు అక్కడే ఉన్నారు.

"నీ వల్ల కాదమ్మా," అన్నాను. "ఆ నీళ్లు నేను కాచలేదు. కాచానని నాన్న చెబుతుంటే విని ఊరుకున్నాను. చెల్లి నా వల్ల పోయింది."